దొంగ సొత్తు ఖజానాకు.. బాధితుడి వాటా అడిగితేనే

పట్టుబడిన నేరస్థుడి సొత్తుకు సొంతదారు రాకపోతే దానిని బాధితులకు పంచిపెడతారన్న నమ్మకం గ్రామాల్లో ఉంది. చట్టం చెప్పేది వేరు.

పోలీసులు స్వాధీనం చేసుకున్న సొత్తు ఎవరిదో తెలియనప్పుడు మెజిస్ట్రేటు ప్రకటన జారీ చేస్తారు. ఆరు నెలల్లోగా ఎవరూ హక్కు నిరూపించుకోక, సొత్తు ఎవరి వద్ద దొరికిందో వారూ దానిని న్యాయంగా సంపాదించినట్లు చూపలేకపోతే అది రాష్ట్ర ప్రభుత్వానికి చెందుతుంది. పాత సీఆర్‌పీసీలోని 457, 458 సెక్షన్ల ఈ నిబంధనలు ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 503, 504 సెక్షన్లుగా ఉన్నాయి.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ సంహితలోని 107వ సెక్షన్ మాత్రం కొత్తది. నేరం ద్వారా సంపాదించిన ఆస్తిని జప్తు చేయాలని దర్యాప్తు అధికారి, ఎస్పీ లేదా కమిషనర్ అనుమతితో కోర్టును కోరవచ్చు. సంజాయిషీకి 14 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు. అది నేరపు సొమ్మేనని తేలితే బాధితులకు దామాషా ప్రకారం పంచాలని కోర్టు జిల్లా మెజిస్ట్రేటును ఆదేశిస్తుంది. 60 రోజుల్లో పంపిణీ పూర్తి కావాలి.

అయితే హక్కుదారులు లేకపోయినా, పంచగా మిగిలినా ఆ సొమ్ము ప్రభుత్వపరమే. 396వ సెక్షన్ కింద రాష్ట్రాలు నడిపే బాధితుల పరిహార పథకానికి దానిని జమచేయాలని 107వ సెక్షన్ చెప్పలేదు. ఇది పెద్ద లోపమే. నేరస్థుడి ఆచూకీ దొరకని కేసుల్లోనూ, పునరావాసం అవసరమైన బాధితులు ఆ పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించాలి.

సొత్తు పోయినవారు ఎఫ్‌ఐఆర్ నకలు, కొనుగోలు రసీదులు, బ్యాంకు పత్రాలు భద్రపరచుకోవాలి. ఫిర్యాదులో నగల తూకం, గుర్తులు రాయించాలి.