నలుగురి పడవ

పడవ పందెములలో ఒక విచిత్రము కలదు. తెడ్లు వేయువారు గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుందురు. చేరవలసిన చోటు వారికి కానరాదు. దాటి వచ్చిన నీరే కన్నుల యెదుట నుండును. ఉక్రెయిన్ క్రీడాకారిణి యానా దెమెంత్యెవా చరిత్రను తలచినపుడు మనకీ సంగతి స్ఫురించును.

ఆమె పేరు తెచ్చుకొనిన పందెమున నలుగురు స్త్రీలు ఒక్కొక్కరు రెండేసి తెడ్లు పట్టుదురు. దూరము 2000 మీటర్లు. చుక్కాని పట్టి హెచ్చరించు మనిషి వేరుగా ఉండదు. నలుగురి చేతులు ఏకకాలమున కదలినగాని పడవ వేగము నిలువదు. ఫలము నలుగురికి సమానము, దోషమును అంతే.

స్వతంత్ర దేశముగా ఉక్రెయిన్ పాల్గొనిన మొదటి వేసవి ఒలింపిక్ క్రీడలు 1996లో అట్లాంటాలో జరిగినవి. అందు ఆ దేశపు స్త్రీలు ఈ పందెమున రజత పతకము పొందిరి. 2004లో ఏథెన్సున దెమెంత్యెవా ఉన్న పడవ మూడవదిగా వచ్చి కాంస్యము నందుకొనినది. కాని ఆ సంతోషము కొలది దినములే నిలిచినది. నలుగురిలో ఒకరి పరీక్షయందు ఎటామివాన్ అను నిషిద్ధ ఔషధము కనబడెను. పడవ మొత్తము అనర్హమైనది. పతకము నాలుగవ స్థానమున నున్న ఆస్ట్రేలియాకు చెందినది.

ఒకరి కారణమున ముగ్గురు శిక్ష పొందుట న్యాయమా యని శ్రోతలు అడుగవచ్చును. కఠినమే, కాని పడవ వేగమున ఎవరి పాలు ఎంతయో విడదీసి చూపగలవారు లేరు. ఆ ఒక్కరి బలము లేక ఆ మూడవ స్థానమును లేదు. కనుకనే నియమము నలుగురిని ఒక్కరిగా నెంచును.

2008లో బీజింగున ఉక్రెయిన్ పడవలకు పతకము దక్కలేదు. అయినను దెమెంత్యెవా తెడ్డు విడువలేదు. 2009లో పోలండు దేశపు పోజ్నాన్ నగరమున ఆమె నలుగురి పడవ ప్రపంచ విజేత యయ్యెను.

2012 ఆగస్టు 1వ తేదీన లండనుకు పడమట నున్న డోర్నీ సరస్సుపై కతెరీనా తరసెంకో, నతాలియా దొవ్‌హొద్కో, అనస్తాసియా కొజెన్కోవా ఆమెతో కూడి తెడ్లు పట్టిరి. 6 నిమిషముల 35.93 సెకండ్లలో గమ్యము చేరిరి. జర్మనీ పడవ రెండు సెకండ్లకు పైగా వెనుకబడెను. పడవ పందెములలో స్వతంత్ర ఉక్రెయిన్‌కు అది తొలి ఒలింపిక్ స్వర్ణము. అప్పటికి దెమెంత్యెవాకు 33 ఏండ్లు.

ఏథెన్సు పతకము ఆమెకు తిరిగి రాలేదు. ఇతరుల తోడి పడవలో ఎంత పోగొట్టుకొనవచ్చునో ఎరిగియు ఆమె మరల నలుగురి పడవలోనే కూర్చుండెను. ఆమె క్రీడాజీవితమున మనము ముఖ్యముగా గౌరవింపవలసినది ఆ నమ్మకమునే.