ఒక్కడే పదిమంది పెట్టు

మన తెలుగువారిలో గట్టి పనివానిని మెచ్చుకొనుటకు "వాడొక్కడే పదిమంది పెట్టు" అను పలుకుబడి చిరకాలముగా నున్నది. పొలమున కోత కోయువానిని గూర్చియు, పెండ్లివంట చేయువానిని గూర్చియు మన పెద్దలీ మాట వాడిరి. వారు మెచ్చుకోలుగా నన్నదానిని కంప్యూటరు వృత్తివారు లెక్కగా పట్టుకొన్నారు. వారిలో "పదిరెట్ల ప్రోగ్రామరు" అని యొక మాట కలదు. పదిమంది నెలల తరబడి వ్రాయవలసినదానిని వాడొక్కడే వ్రాసి పారవేయునట! మూకండపల్లి, హోసూరు ప్రాంతముల తెలుగు ఇండ్ల బిడ్డలు అత్తిబెలె దాటి, బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పోయి యీ వృత్తిలో నున్నారు గనుక, దీని పుట్టుపూర్వోత్తరములు మనమెరుగుట యుక్తము.

ఈ లెక్కకు మూలము 1968లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధన. సాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అను మువ్వురు చేసినది. వారు ముఖ్యముగా తెలిసికొనగోరినది మనుష్యుల తారతమ్యము కాదు. యంత్రము నెదుట కూర్చుండి ప్రోగ్రాములోని తప్పులు దిద్దుకొనుట మేలా, పనిని అప్పగించి ఫలితమునకై వేచియుండుట మేలా యనునదియే వారి ప్రశ్న. పరీక్షకు కూర్చున్న అనుభవజ్ఞులు 12 మంది. ఒక బీజగణితపు ప్రోగ్రామును దిద్దుటకు వారిలో నొకనికి 6 గంటలు పట్టగా మరియొకనికి 170 గంటలు పట్టినది. అనగా 28 రెట్లు. చదువరులు అసలు ప్రశ్నను మరచి యీ యంకెను పట్టుకొనిరి. అది మిక్కిలి చురుకైనవానికిని మిక్కిలి వెనుకబడినవానికిని గల దూరమే కాని, సామాన్యునితో పోలిక కాదు. పైగా అందరును వాడిన ప్రోగ్రాము భాషయు నొకటి కాదు, పనిచేసిన పద్ధతియు నొకటి కాదు. 1981లో డికీ యనునతడు ఈ భేదములను విడదీసి చూడగా, 28 కాస్తయు 5 ప్రాంతమునకు దిగినది. ఐదురెట్లైనను స్వల్పమేమి కాదు. పనివాండ్ర నేర్పులో హెచ్చుతగ్గులున్నవనుట నిజమే. మేము కాదనుట లేదు.

ఐ.బి.యం. సంస్థలో 360 యంత్రముల నిర్వహణ ప్రోగ్రామును వ్రాయించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్" అను గ్రంథమును ప్రకటించెను. 1968 నాటి పరిశోధనను పేర్కొని, పదిరెట్ల మాటను లోకమున వ్యాపింపజేసిన గ్రంథములలో నిది ముఖ్యమైనది. అయితే ఆ మాటను వల్లించువారు అదే యధ్యాయమున తరువాతి పుటలు త్రిప్పిరో లేదో! అందు బ్రూక్స్, హార్లన్ మిల్స్ సూచన ననుసరించి, నేర్పరియైన ప్రోగ్రామరును శస్త్రవైద్యునితో పోల్చి, అతని చుట్టును సహాయకులను కూర్చెను. తోడునీడగా నుండు రెండవవాడొకడు, పనిముట్లు చేసి యిచ్చువాడొకడు, పరీక్షించి చూచువాడొకడు, వ్రాతలను సరిదిద్దువాడొకడు, కార్యదర్శులిద్దరు, ఇంకను కొందరు. ఎంచి చూడగా మొత్తము పదిమంది!

వృత్తివారి హాస్యము సైతము ఈ కథను పెంచినది. 2007 ఏప్రిల్ ఒకటవ తేదీన గూగుల్ సంస్థవారు తమ సహోద్యోగి జెఫ్ డీన్ మీద ఛలోక్తులు కూర్చిరి. యంత్రము అతని తప్పులు పట్టదు, అతడే యంత్రము తప్పులు పట్టును అను ధోరణి. నవ్వదగినవే. కాని ఆ డీన్ ప్రసిద్ధికెక్కిన పనులలో పెక్కు సంజయ్ ఘెమావత్ అను మిత్రునితో కలిసి, ఒక్క కంప్యూటరు ముందు ఇద్దరును కూర్చుండి చేసినవి. 2004 నాటి మ్యాప్‌రెడ్యూస్ వ్యాసముపై ఇరువురి పేర్లును గలవు.

ఇది చదివినపుడు మాకు తిరుపతి వేంకట కవులు స్మృతికి వచ్చిరి. అవధానములతో తెలుగు సంస్థానములను ఊపివైచిన దివాకర్ల తిరుపతి శాస్త్రియు చెళ్లపిళ్ల వేంకట శాస్త్రియు తమ రచనలను జంటపేరనే ప్రకటించిరి. తిరుపతి శాస్త్రి గతించిన పిదప సైతము వేంకట శాస్త్రి ఆ జంటపేరును విడువలేదు. అవధానమునే చూడుడు. ఒక్కడే ఎనిమిది పనులు చేయుచున్నాడని చూచువారు విస్తుపోవుదురు. కాని నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు పండితుడు కాకున్న నిషేధింపవలసిన యక్షరమే తోచదు. సమస్య యిచ్చువాడు గట్టివాడు కాకున్న పూరణమునకు రుచి లేదు. అప్రస్తుత ప్రసంగికి కూడ అచ్చట నొక పీట గలదు. ఛలోక్తులాడువానిని మన పెద్దలు అవధానికి అడ్డు తగులుటకై కూర్చుండబెట్టిరే కాని, కీర్తి కట్టబెట్టుటకు గాదు.

మూకండపల్లి వారికి ఈ సంగతి పుస్తకము చూడకయే తెలియును. 1970 దశకమున సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చిన పిదప ఇచ్చటి పొలములవారు, పొరుగూళ్లవారు వరుసలలో నిలిచి పనిచేయ నేర్చిరి. 1980లో హోసూరు నుండి టి.వి.యస్. 50 మోపెడులు వెలువడినవి. అటుపిమ్మట టైటాన్ గడియారములు. అట్టి వరుసలో నొకడు పదిరెట్లు వేగిరపడినచో సరుకు పక్కవాని ముందు గుట్టపడును. అంతకుమించి యేమియు జరుగదు.

మా యెరుకలోని యొక యింట పెండ్లి జరిగినది. పెండ్లికుమార్తె అన్న ప్రోగ్రామరు. తన విభాగమున పదిమంది పెట్టని పేరుపడినవాడు. ముహూర్తవేళ కార్యాలయము నుండి మూడుమారులు ఫోను వచ్చెను. అతడు పందిరి మూల ల్యాప్‌టాప్ తెరచుకొని కూర్చుండెను. కార్ఖానాలో ముప్పది యేండ్లు వరుసలో నిలిచి పనిచేసిన తాతగారు తలంబ్రాల పళ్లెము పట్టుకొని యతని చెంతకు వచ్చి, "నీ పని తెలిసినవాడు అక్కడ ఇంకొకడు లేడా నాయనా?" యని యడిగిరి.

"లేడు తాతా. అందుకే కదా నన్ను మెచ్చుకుంటారు" అని యతడు తెరనుండి కన్నెత్తకయే చెప్పెను.