పది దేశాల దర్యా.. డాన్యూబ్

పిల్లలూ, మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. డాన్యూబ్ దానికి దాదాపు రెట్టింపు, సుమారు 2,850 కిలోమీటర్లు. యూరప్‌లో దీనికన్నా పొడవైన నది రష్యాలోని వోల్గా ఒక్కటే. కానీ వోల్గా రష్యా దాటదు. డాన్యూబ్ పది దేశాలను తాకుతుంది. ప్రపంచంలో ఇంకే నదీ ఇన్ని దేశాలను తాకదు. జర్మన్లు దీన్ని డోనావ్ అంటారు, హంగేరీ వాళ్లు డునా, తుర్కులు తునా.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో పుట్టిన రెండు ఏర్లు డోనావెషింగెన్ ఊరి దగ్గర కలుస్తాయి. డాన్యూబ్ అనే పేరు అక్కడి నుంచే. కాస్త ముందుకెళ్తే ఒక వింత. ఇమ్మెండింగెన్ దగ్గర నీళ్లు సున్నపురాయి పగుళ్లలోకి ఇంకిపోతాయి. ఎండాకాలంలో చాలా రోజులు అక్కడ రాళ్లే కనిపిస్తాయి, నదిలో నడుచుకుంటూ వెళ్లొచ్చు! మరి ఆ నీళ్లేమయ్యాయి? భూమి లోపలి నుంచే వెళ్లి, దాదాపు 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ అనే ఊటగా పైకొస్తాయి. చివరికి రైన్ నదిలో చేరి ఉత్తర సముద్రానికి పోతాయి. అంటే డాన్యూబ్ నీళ్లలో కొన్ని వేరే సముద్రానికి వెళ్లిపోతున్నాయన్నమాట. దిగువన ఉపనదులు కలిసి నది మళ్లీ నిండుతుంది.

అక్కడి నుంచి తూర్పుకు సాగుతుంది. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్.. నాలుగు రాజధానులు దీని ఒడ్డునే ఉన్నాయి. బుడాపెస్ట్‌లో ఒక ఒడ్డున కొండల బుడా, ఎదురుగా మైదానంలో పెస్ట్. 1873 దాకా అవి వేర్వేరు ఊళ్లు.

సెర్బియా, రుమేనియా మధ్య కొండలు రెండు వైపులా దగ్గరకొచ్చి నదిని ఇరికిస్తాయి. ఆ చోటు పేరు ఐరన్ గేట్స్. ఒకప్పుడు పడవలకు చాలా ప్రమాదం. 1972లో అక్కడ పెద్ద డ్యామ్ పూర్తయింది. కరెంటు వచ్చింది, ఓడల దారి సులువైంది. కానీ వెనక నిలిచిన నీటిలో అదా కలే అనే చిన్న ద్వీపం మునిగిపోయింది. తుర్కీలో అదా అంటే ద్వీపం, కలే అంటే కోట. మన ఉర్దూలో ఖిలా అంటామే, రెండూ ఒకే అరబీ మాట నుంచి వచ్చినవే. ఉస్మానియా పాలన పోయాక కూడా తుర్కీ ముస్లిం కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. మసీదు, బజారు, అత్తి చెట్లు అన్నీ ఉండేవి. నీళ్లు రాకముందే ఖాళీ చేయించారు. కొందరు తుర్కీకి, కొందరు రుమేనియాలోని ఇతర ఊళ్లకు వెళ్లారు. మసీదులోని పెద్ద తివాచీని నల్ల సముద్రం ఒడ్డున ఉన్న కాన్‌స్టాంటా మసీదుకు చేర్చారు. డ్యామ్ గురించి చదివేటప్పుడు ఈ ద్వీపం గురించి కూడా తెలుసుకోవాలి.

ఆ తర్వాత చాలా దూరం ఒక ఒడ్డు రుమేనియాది, ఇంకో ఒడ్డు బల్గేరియాది. మాల్డోవా వాటా మరీ చిన్నది, అర కిలోమీటరుకు కాస్త ఎక్కువ. అంత చిన్న ముక్కలోనే వాళ్లు రేవు కట్టుకున్నారు.

చివర్లో నది మూడు పెద్ద పాయలుగా చీలి నల్ల సముద్రంలో కలుస్తుంది. ఆ డెల్టాలో రెల్లు పొదలు, వేలాది పెలికాన్ పక్షులు ఉంటాయి. ఇంకో తమాషా: ఈ నదిపై కిలోమీటర్లను పుట్టిన చోటు నుంచి లెక్కపెట్టరు. సముద్రం దగ్గరున్న సులీనాయే సున్నా. అక్కడి నుంచి ఎదురు ప్రవాహంలో అంకె పెరుగుతూ పోతుంది.