మహాప్రసాదం కట్టిన స్నేహం

మంట దగ్గరికి జరుగు నాన్నా. ఆ ఫోను జేబులో పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. మన నందిని గనుల కాలనీ బాబాయి ముచ్చట చెబుతాను.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. దానికి ఇనుపరాయి దల్లీ రాజ్‌హరాది, సున్నపురాయి మన నందినిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎంతమందో పనికోసం రైలెక్కి వచ్చారు. మన బాబాయీ అలా వచ్చినవాడే.

కొన్నాళ్లకు పిన్ని పోయింది. ఇంటికి దీపం ఇల్లాలంటారు. ఆ ఇంట్లో పాల లెక్కా ఆవిడదే. గోడమీద బొగ్గుతో రోజుకో గీత, నాగా పడితే సున్నా. బాబాయికి ఆ లెక్కే కాదు, ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని మనవాళ్లు సామెత కట్టి పెట్టారాయె, దుఃఖమంతా గొంతులోనే దిగమింగాడు. మేం వెళ్లి, కష్టసుఖాలు కావడి కుండలని చెప్పి లేచొచ్చేవాళ్లం.

పాలు పోసే ముసలాయన, అక్కడి రౌత్ కులస్థుడు, మాత్రం నెలాఖరున వచ్చి, "లెక్క చూడు" అని చతికిలబడ్డాడు. గోడమీది గీతలు ఒక్కొక్కటీ బాబాయి చేతే లెక్కపెట్టించాడు. సగంలో బాబాయి భోరుమన్నాడు. ఆయనా భార్య పోయినవాడే. ఓదార్చలేదు, కూర్చున్నాడు. ఆపైన రోజూ పాలుపోసి ఓ గంట కూర్చునేవాడు. బాబాయి హిందీకి ఆయన, ఆయన ఛత్తీస్‌గఢీకి బాబాయి నవ్వుకునేవాళ్లు. దీపావళికి రౌతులు కర్రలతో ఆడే రౌత్ నాచాలో బాబాయి చేతికీ ఓ కర్రిచ్చి దింపాడు!

అక్కడ మితాన్ కట్టుకోవడమని ఓ ఆచారం. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం పంచుకుని స్నేహం కడతారు. ఇక పేరుపెట్టి పిలుచుకోరు, "సీతారాం మహాప్రసాద్" అనే పలకరింపు. మంచికీ చెడ్డకీ సొంత చుట్టంలా నిలబడాలి. వాళ్లిద్దరూ ఆ వయసులో కట్టుకున్నారు.

హైదరాబాదులో 2010లో మొదలైన తోడు నీడ సంస్థ ఇలా ఒంటరైన పెద్దవాళ్లకు జంటను వెతికిపెడుతోందట. మంచిపని. మన బాబాయికి మాత్రం మళ్లీ పెళ్లి మీదికి మనసు పోలేదు. పొద్దున్నే తలుపుతట్టి కూర్చునే మనిషి దొరికాడు, నిలదొక్కుకున్నాడు.

అందుకే చెబుతున్నా, ఒంటరైన పెద్దాయన ఇంటికెళితే "ధైర్యంగా ఉండండి" అని చేతులు దులుపుకోకు. ఏదో ఒక పని అడుగు, లెక్కడుగు, కాసేపు కూర్చో. మర్నాడు మళ్లీ వెళ్లు.