కాపరిని నమ్ముకున్న మంద

జోన్స్‌టౌన్ పేరెత్తగానే చాలామంది ఒక్క మాటతో తేల్చేస్తారు: ఎవడో చెబితే విషం తాగిన పిచ్చిజనం. ఆ మాట అనేముందు 1950ల నాటి ఇండియానాపొలిస్ నగరాన్ని కాస్త తలచుకోవాలి. ఆదివారం వస్తే నల్లవాళ్ల చర్చి వేరు, తెల్లవాళ్ల చర్చి వేరు. ఆరాధించేది ఒకే ప్రభువును, కలిసి కూర్చోవడం మాత్రం గిట్టదు. మాలపల్లె చర్చి, మాదిగపల్లె చర్చి అంటూ విడిపోయి ఉన్న మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటి ఊళ్లో జిమ్ జోన్స్ అనే కుర్ర పాస్టరు అందర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టాడు. అతనూ, నర్సుగా పనిచేసే అతని భార్య మార్సెలీన్ కలిసి 1961లో ఒక నల్ల పసివాణ్ని దత్తత తీసుకున్నారు. బిడ్డకు తన పేరే పెట్టుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే అన్నం పెట్టారు, దిక్కులేని ముసలివాళ్లను చేరదీశారు. అలబామా నుంచి వలస వచ్చిన అక్కచెల్లెళ్లు హయసింత్ థ్రాష్, జిపోరా ఎడ్వర్డ్స్. ఒకరోజు టీవీలో జిపోరా జోన్స్ సంఘం పాటల బృందాన్ని చూసింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన నిలబడి పాడుతున్నారు. ఇద్దరూ వెళ్లి చేరిపోయారు. ఎవరు చేరరు?

నన్ను బాధపెట్టేది ఈ ఆరంభమే. వాళ్లను లాక్కెళ్లింది చెడు కాదు, వాక్యమే. మత్తయి 25వ అధ్యాయంలోని ఆకలిగొన్నవారు, దిగంబరులు, చెరసాలలో ఉన్నవారు అతని ప్రసంగాల్లో ఎప్పుడూ ఉండేవారు. అపొస్తలుల కార్యములలో తొలి విశ్వాసులు ఆస్తులమ్మి సమష్టిగా బతికారు కదా, మనమూ అలాగే బతుకుదాం అన్నాడు. అందులో అబద్ధం ఏముంది? ఇళ్లు రాసిచ్చారు, జీతాలు తెచ్చి చేతిలో పెట్టారు, ముసలమ్మలు తమ పింఛను చెక్కులు ఇచ్చేశారు.

స్వస్థత కూడికల సంగతి వేరు. జోన్స్ ప్రార్థించగానే రోగిని నర్సు పక్కకు తీసుకెళ్లేది, కాసేపటికి గుడ్డలో చుట్టిన మాంసపు ముద్దతో తిరిగొచ్చేది. ‘క్యాన్సరు గడ్డ బయటపడింది’ అని కేక. అది కోడి పేగో, కార్జమో. కొత్తగా వచ్చినవాళ్ల రహస్యాలు చెప్పి విస్తుపోయేలా చేసేవాడు. అంతకుముందే అతని మనుషులు వాళ్ల ఇళ్ల చెత్తబుట్టలు వెతికి వివరాలు పోగుచేసేవారు. తన రొమ్ము క్యాన్సరు అతని చేతుల మీదుగానే నయమైందని థ్రాష్ చాలాకాలం నమ్మింది. తనకు జరిగిందన్న మేలును అనుమానించడం ఏ విశ్వాసికైనా కష్టమే.

1967లో అణుయుద్ధం వస్తుందని చెప్పి, వందమందికి పైగా విశ్వాసులను 1965లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ వ్యాలీకి తరలించాడు. 1967 వచ్చింది, పోయింది, యుద్ధం రాలేదు. ప్రవక్త పలికింది జరగకపోతే అతనికి భయపడనక్కర్లేదని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం చివర స్పష్టంగానే ఉంది. చిన్ననాటి నుంచి సండేస్కూలుకి వెళ్లినవాళ్లకు అది తెలియక కాదు. తెరిచి చూడాలన్న అలవాటు అప్పటికే తప్పిపోయింది.

తర్వాత బైబిలు మీదే పడ్డాడు. అందులోని తప్పులంటూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు, దానికి పేరు మాత్రం పౌలు పత్రికలోంచే తీసుకున్నాడు. ఆకాశంలో దేవుడెవడూ లేడు, మీకున్నది నేనే అని ప్రసంగ వేదిక మీదే అన్నాడు. బైబిలును నేలకేసి కొట్టాడు. పిడుగు పడలేదు చూశారా అన్నాడు. తన భర్తకు మతం ఒక పనిముట్టు మాత్రమేనని 1977లో మార్సెలీన్ ఒక పత్రికతో చెప్పింది కూడా. నేలమీద పడ్డ ఆ గ్రంథాన్ని చూసి కొందరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ‘అన్నం పెడుతున్నాడు, మన పిల్లల్ని సొంత పిల్లల్లా చూస్తున్నాడు, ఏదో ఆవేశంలో అన్నాడులే’ అని సర్దుకున్నారు. అతన్ని ‘డాడ్’ అని పిలవడం మొదలెట్టారు. తప్పుచేసినవాళ్లను సంఘం ముందు నిలబెట్టి చెక్కబద్దతో కొడుతుంటే కూర్చుని చూశారు, లెక్కబెట్టారు.

లోకం అతన్ని మెచ్చుకుంటూనే ఉంది. 1976లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం గృహనిర్మాణ సంస్థ పదవి కట్టబెట్టింది. మరుసటి ఏడు సంఘాన్ని విడిచిపోయినవాళ్ల మాటలతో ‘న్యూ వెస్ట్’ పత్రిక కథనం వేయబోతోందని తెలిసి అతను గయానా అడవిలోని జోన్స్‌టౌన్‌కు పరారయ్యాడు. వందలాది మంది వెంట వెళ్లారు. ఎక్కువమంది నల్లవాళ్లు, అందులోనూ స్త్రీలు. అక్కడ పగలంతా పొలంపని, రాత్రంతా లౌడ్‌స్పీకర్లో అతని గొంతు. కొన్ని రాత్రులు అందర్నీ పోగుచేసి, ఇది విషం తాగండి అనేవాడు. తాగాక, ఉత్తదే, మీ విధేయత చూద్దామనే ఇచ్చాను అనేవాడు.

1978 నవంబరు 18న మాత్రం అది ఉత్తది కాదు. అక్కడి పరిస్థితి చూడవచ్చిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో ర్యాన్‌నూ, మరో నలుగురినీ పోర్ట్ కైటుమా ఎయిర్‌స్ట్రిప్ దగ్గర అతని మనుషులు కాల్చి చంపారు. ఇక మనకు దారిలేదన్నాడు జోన్స్. ఆనాటి సభ టేపు దాదాపు 44 నిమిషాలు మిగిలింది. అందులో క్రిస్టీన్ మిల్లర్ అనే నల్ల స్త్రీ గొంతు వినిపిస్తుంది. రష్యా వెళ్లిపోవచ్చు కదా అని అడిగింది. ప్రాణం ఉన్నంతవరకు ఆశ ఉంటుందంది, పసిపిల్లలు బతకాలి కదా అంది. దబాయించకుండా, మర్యాదగా, పట్టు వదలకుండా అడిగింది. ఆమె నోరు మూయించింది జోన్స్ ఒక్కడే కాదు, పక్కన నిలబడ్డవాళ్లు కూడా. అన్నేళ్లు ఆమెతో కలిసి పాడినవాళ్లే కేకలేశారు.

పిల్లలకు ముందు పోశారు. సూదిలేని సిరంజీలతో నోట్లోకి. చుట్టూ తుపాకులతో కాపలా. అక్కడ చనిపోయినవాళ్లు 909 మంది, దాదాపు మూడో వంతు పిల్లలే. దీన్ని సామూహిక ఆత్మహత్య అనడానికి నాకు నోరు రాదు.

డెబ్బై దాటిన థ్రాష్ ఆ రాత్రి సభకు వెళ్లలేదు, తన గదిలోనే ఉండిపోయింది. తెల్లారి లేచి చూస్తే తోటి ముసలివాళ్లంతా శవాలు. జిపోరా కూడా పోయింది.

ఎవరూ అడగని, ఎవరివో తెలియని నాలుగు వందలకు పైగా శవాలను చివరికి ఓక్లండ్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానం స్వీకరించింది. 2011లో అక్కడ చనిపోయినవారి పేర్లతో రాతిపలకలు పెట్టారు. వాటిలో జోన్స్ పేరూ ఉంది. తల్లితో సహా 27 మంది బంధువులను పోగొట్టుకున్న పాస్టరు జైనోనా నార్వుడ్ దాన్ని ఒప్పుకోలేదు, కోర్టుకెక్కింది. ఓడిపోయింది.