మొగ పూడిన పులికాట్

మే నెలలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డెక్కి ఉత్తరం వైపు చూస్తే కనిపించేది సరస్సు కాదు, బయలు. నెర్రెలిచ్చిన బురద మీద తెల్లగా ఉప్పు పొర. కాలు పెడితే పటపట విరిగే గుల్లలు. గాలి లేచిందంటే ఉప్పుదుమ్ము కళ్లలో కొడుతుంది. ఎండిన బురదలో పడవలు పక్కకు ఒరిగి ఉంటాయి, వాటిని దాటుకుంటూ మోటారు సైకిళ్లు అడ్డదారిన పోతుంటాయి. దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనని బడిలో పిల్లలకు చెబుతున్నాం.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు పులికాట్‌లో ఆంధ్ర భాగం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వచ్చింది. చిత్తూరు సీమతో దాని చుట్టరికం మాత్రం ఎప్పటిదో. కార్వేటినగరం కొండల్లో కురిసిన వాన అరణియారుగా మారి, పిచ్చాటూరు దాటి ఈ సరస్సుకే చేరుతుంది. కాళంగి గమ్యమూ ఇదే. పడమట ఏటినీళ్లు, తూర్పున బంగాళాఖాతం పోటు, ఈ రెండూ కలిసినచోట పులికాట్ పుట్టింది. మధ్యలో అడ్డుగోడగా శ్రీహరికోట దీవి.

ఆ గోడకున్న వాకిళ్లే మొగలు. దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన వాకాడు మండలంలో కొండూరుపాలెం, రాయదొరువు. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి ఆనని పిల్లలు పోటు నీటితోపాటు మొగలోంచి లోపలికొచ్చి, సరస్సు బురదలో మేసి, బలిసి, మళ్లీ అదే దారిన కడలికి పోవాలి. కత్తిపరిగె చేపలదీ దాదాపు ఇదే బతుకు. మొగ మూసుకుంటే లోపలున్నవి బయటకు పోలేవు, బయటున్నవి లోపలికి రాలేవు.

మొగను ఎవరూ పనిగట్టుకుని మూయలేదు. తూర్పుతీరం వెంబడి అలలు ఏడాది పొడవునా ఇసుకను తోసుకుపోతూనే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల్లో ఏర్లు పొంగి వచ్చి ఆ ఇసుకను సముద్రంలోకి నెట్టేవి. పైన ఆనకట్టలు, చెరువులు నీటిని పట్టుకున్నాక ఏటికి ఆ ఊపు తగ్గింది. సరస్సు నడుమ వేసిన శ్రీహరికోట రోడ్డు కట్ట, ఉత్తర భాగానికి నీటి రాకపోకలను ఇరుకు చేసింది. ఆ రోడ్డు చివరినుంచే 1971 అక్టోబరు నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి. అవి ఎగరడానికి ముందే దీవిలో చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. నడుము లోతు నీళ్లలో ఒట్టి చేతులతో తడిమి చేపను పట్టగల యానాదులు చెట్టుకొకరు పుట్టకొకరయ్యారు. చరిత్ర రాసేటప్పుడు ఆ రెండు సంగతులనూ ఒకే పేజీలో రాయాలి.

ఒక్క కీలు ఊడితే అంతా కూలే ఇలాంటి పతనమే భూగోళం అవతల ఒకటి జరిగింది. కరీబియన్ సముద్రంలో డయడెమా అనే సీ అర్చిన్ ఉంది. గుప్పెడు ఒళ్లు, చుట్టూ బెత్తెడు నల్లముళ్లు. రాత్రిళ్లు పగడపు దిబ్బల మీద తిరుగుతూ నాచు గీకి తినడం దాని పని. 1983 జనవరిలో పనామా కాలువ దగ్గర అవి చావడం మొదలైంది. పదమూడు నెలల్లో ఆ చావు కరీబియన్ అంతటా పాకి, నూటికి 93కి పైగా పోయాయి. జమైకాలో నాచు తినే చేపలను జాలర్లు అప్పటికే ఊడ్చేశారు. 1980లో వచ్చిన తుపాను పగడాలను విరిచేసింది. ఇక మిగిలిన ఒక్క పాకీవాడూ పోయేసరికి నాచు దిబ్బలను కప్పేసింది. అక్కడ 1977లో 52 శాతం ఉన్న సజీవ పగడం 1993కల్లా 3 శాతానికి దిగింది. తర్వాత అర్చిన్లు అక్కడక్కడా తేరుకుంటున్నాయి అనుకునేలోపు, 2022లో మళ్లీ చావు వచ్చింది. ఈసారి చంపింది ఒక సూక్ష్మజీవి అని మరుసటేడు తేలింది.

అక్కడ కంటికి కనపడని రోగం. ఇక్కడ పట్టపగలు, అందరి ఎదుట, ఏటా కాస్త కాస్తగా పేరుకున్న ఇసుక. నన్ను అడిగితే మనదే పెద్ద నేరం.

కోలుకోవడం కుదరదా అంటే, చిలికా ఉంది. అక్కడా మొగ పూడి, చేపలు తగ్గి, 1993లో ప్రమాదంలో ఉన్న రామ్సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పు సర్దుకుంది, రొయ్య తిరిగొచ్చింది, 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు. అయితే చిలికాకు మహానది పాయలున్నాయి. పులికాట్‌కు కాళంగి, అరణియారు లాంటి వానాకాలపు ఏర్లే దిక్కు. తవ్విన మొగను తెరిచి ఉంచే నీరు పైనుంచి రాకపోతే, ఇసుక మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది. పూడికతీత గురించి ప్రతి ఎన్నికలకూ వినే మాటల్లో ఈ పైనీటి ముచ్చట ఎక్కడా ఉండదు.

వానలు బాగా పడ్డ ఏడు రాజహంసలు వస్తాయి, పక్షుల పండుగకు జనమూ వస్తారు. జాలరి పిల్లలు మాత్రం తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికి పోతున్నారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే పనిని ఎవరు కాదంటారు? రేపు రాయదొరువు తెరుచుకున్నా, ఏ అమావాస్య పోటుకు వల ఎక్కడ కట్టాలో వాళ్లకు నేర్పాల్సింది ఇప్పుడు అరవై దాటినవాళ్లే.