కాయ్ నది మొగ, గిన్నెడు బున్ కా

వియత్నాంలోని న్యా ట్రాంగ్ చరిత్ర అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ముందు గుట్ట మీది పో నగర్ గోపురాలే చూపిస్తారు. చంపా రాజుల కట్టడాలవి. 774లో జావా వైపు నుంచి ఓడల మీద వచ్చిన దండు అక్కడి చెక్కగుడిని తగలబెడితే, పదేళ్ళకి సత్యవర్మ అనే రాజు మళ్ళీ కట్టించాడు. ఆ సంగతంతా సంస్కృత శాసనాల్లో ఉంది. 1653లో నుయెన్ ప్రభువులు ఈ సీమని పట్టుకున్నాక పూజ తీరు మారింది గానీ అమ్మవారు మారలేదు. చంపా ప్రజలైన చాముల దేవతనే వియత్నామీయులు తియెన్ యి అ నా అని కొలుస్తున్నారు.

శాసనాల్లో రాజుల గొడవే తప్ప, గుట్ట కింద కాయ్ నది మొగలో ఇసుకదిబ్బల మీద బతికిన జాలర్ల ఊసుండదు. వాళ్ళ సంగతి కావాలంటే పొద్దున్నే బున్ కా తినాలి.

బియ్యం నానబెట్టి, కాస్త పులియనిచ్చి, రుబ్బి, జంతికల గొట్టంలాంటి దాంతో మరిగే నీళ్ళలోకి వత్తిన తెల్లటి సేమ్యా ఇది. పైన పోసేది చేప చారు. మన పులుసులా ఎర్రగా, చిక్కగా ఉండదు, గిన్నె అడుగు కనిపించేంత తేట. విశాఖలో కొమ్ముకోనం, వంజరం అనే జాతుల తలలూ ముళ్ళూ మరిగించి, టమాటా, అనాస ముక్కలు వేసి, పైకి తేలిన నురగ ఓపిగ్గా తీస్తుంటేనే ఆ తేటదనం వస్తుంది. అందులో ఉడికిన చేప ముక్క, దాంతోపాటు చా కా. చేప కండని చెంచాతో గీకి, వెల్లుల్లి, మిరియాలు, చేప సాస్ కలిపి, వేలితో నొక్కితే తిరిగి పైకి లేచేదాకా రోట్లో దంచుతారు. కొంత ఆవిరి మీద ఉడికిస్తారు, కొంత నూనెలో వేయిస్తారు. చేప నిన్నటిదైతే ఆ ముద్ద సాగదు, నోట్లో పిండిలా విరిగిపోతుంది. తాజా సరుకని బోర్డు మీద రాసుకున్నా చా కా దగ్గర దొరికిపోతారు. జెల్లీచేప ముక్కలు కూడా వేసుకుంటే పంటికింద కరకరలాడతాయి. పక్కన సన్నగా తరిగిన క్యాబేజీ, అరటిపువ్వు, నిమ్మబద్ద, పులియబెట్టిన చిట్టిరొయ్యల ముద్ద.

నా మటుకు నాకు ఇది ఐసు లేని రోజుల వంట అనిపిస్తుంది. మంచి ముక్కలు బజారుకి పోగా మిగిలిన తలలు చారులోకీ, ముళ్ళెక్కువున్న చేపలు రోట్లోకీ వెళ్ళి ఉంటాయి.

ఆ మొగ దగ్గరి సోమ్ కోన్ అనే జాలరిపేటలోనే అలెగ్జాండర్ యెర్సిన్ ఇల్లు కట్టుకున్నాడు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో కనిపెట్టినవాడు, 1895లో ఇక్కడ పాశ్చర్ ప్రయోగశాల పెట్టినవాడు. ఇక్కడ తయారుచేసిన సీరం పట్టుకుని 1897లో ప్లేగు రోజుల బొంబాయికి కూడా వెళ్ళాడు. తుఫాను వస్తోందంటే జాలర్లని తన ఇంటికి పిలిచి ఆశ్రయమిచ్చేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1943లో ఇక్కడే పోయాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. చేపల్నే తిని బతికే ఈ జాలర్లు తిమింగలాన్ని మాత్రం ముట్టరు. ఒడ్డుకి కొట్టుకొచ్చి చనిపోతే మొదట చూసినవాడు పెద్దకొడుకులా మైల పట్టాలి. ఎముకలకి గుడి కడతారు.

ఇవాళ పెద్ద పడవల రేవు ఊరికి దక్షిణాన హోన్ రోకి మారింది. సముద్రపు ఒడ్డంతా హోటళ్ళే. కొన్నిచోట్ల బున్ కాని పంది ఎముకల చారుతో పోస్తున్నారు. రుచి బాగానే ఉంటుంది, కానీ దాన్ని ఆ పేరుతో అమ్మడం నాకు నచ్చదు. 2025 జూలైలో నగర హోదా పోయి ఊరు వార్డులుగా విడిపోయింది. దానివల్ల గిన్నెలో మాత్రం ఏ తేడా రాలేదు.

అసలు తగువు ఉత్తరాన ఉన్న నిన్ హువాతో. వాళ్ళు సేమ్యాని చిన్న బిళ్ళలుగా చుట్టి ఆకుల మీద పేర్చి అమ్ముతారు, బున్ కా మాదేనంటారు. మావాళ్ళు ఒప్పుకోరు. నేను మాత్రం ఇక్కడున్నప్పుడు మావాళ్ళ పక్షం, అక్కడికెళ్ళినప్పుడు ఇంకో నాలుగు బిళ్ళలు వేయించుకునే పక్షం.